మొదటి సందేశం ఎవరిది

ఆమెను ఇంట్లో అందరూ ఫుట్‌నోటు అని పిలిచేవారు. పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది సర్టిఫికెట్ల మీద తప్ప ఇంకెక్కడా పనికిరాకుండా పోయింది. పరిశోధనలో చేరిన దగ్గర్నుంచి ఎవరేం చెప్పినా "ఎవరు చెప్పారు? ఎక్కడ చదివావు? వాళ్ళకెలా తెలుసు?" అని వెంటపడడం అలవాటైపోయింది. పక్కింటివాళ్ళు ఇల్లు అమ్మేస్తున్నారని వాళ్ళమ్మ అంటే, ఆ మాట ముందు ఎవరి నోట వచ్చిందో తేలేదాకా అన్నం తిననిచ్చేది కాదు. "నాకు పక్కింటావిడే చెప్పిందే తల్లీ! కింద ఫుట్‌నోటు కూడా వెయ్యమంటావా?" అని అమ్మ విసుక్కున్న రోజు ఆ పేరు ఖాయమైంది. ఆమెకూ అది నచ్చింది. మనిషన్నాక ఏదో ఒక పేరు ఉండాలి, అదేదో కష్టపడి సంపాదించుకున్నదైతే మరీ మంచిది.

ఫుట్‌నోటు పరిశోధిస్తున్నది ఇంటర్నెట్ చరిత్ర. లోకం మొత్తానిది కాదు. నదికి ఇవతల విశ్వవిద్యాలయం ఉంది, అవతల పరిశోధనా సంస్థ ఉంది. ఆ రెండు చోట్ల కంప్యూటర్లూ టెలిఫోను తీగ మీద మొట్టమొదట ఒకదానితో ఒకటి మాట్లాడిన రోజు నుంచి, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నెట్ పాకేవరకూ ఏం జరిగిందన్నది ఆమె విషయం. ఆ మొదటి రోజున ఇవతలి కంప్యూటరు ముందు కూర్చున్నది వాళ్ళ నాన్న. అవతలి కంప్యూటరు ముందు కూర్చున్నది వాళ్ళ పెదనాన్న.

ఒక కడుపున పుట్టినవాళ్ళు, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఇప్పుడు మాటల్లేవు.

ఆ గొడవ పుట్టింది ఒక్క వాక్యం దగ్గర. చాలా ఏళ్ళ కిందట పరిశోధనా సంస్థవాళ్ళు వార్షికోత్సవం చేసుకుని ఒక ప్రత్యేక సంచిక వేశారు. అందులో "నదికి ఇరువైపులా కంప్యూటర్లు కలిసిన ఆ చారిత్రక దినాన తొలి సందేశం పంపిన ఘనత మన సంస్థ ఇంజనీరుదే" అని రాసి, పక్కన పెదనాన్న ఫొటో అచ్చేశారు. అతిథిగా వెళ్ళిన నాన్న హాలు బయట మెట్ల మీద నిలబడి అది చదివాడు. చదివి సరాసరి లోపలికెళ్ళి, నలుగురూ చూస్తుండగా అన్నను అడిగాడు: "ఇది నువ్వే చెప్పావా?"

పెదనాన్న అవునని అనలేదు, కాదని అనలేదు. "నన్నా నువ్వు అడుగుతున్నది?" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ నోటా ఈ నోటా ఉలుకూ పలుకూ లేదు.

పైకి చూసేవాళ్ళకి ఇది పేరు కోసం పట్టింపులా కనిపించేది. కాదు. తన వెనకాల అన్న ఒక మాట చెప్పుకుని ఉంటాడన్నది నాన్న బాధ. తమ్ముడు తనను అనుమానించి అడిగాడన్నది పెదనాన్న బాధ. ఇద్దరి మనసూ మెత్తనే, ఇద్దరి మెడలూ మాత్రం బిరుసు. వాళ్ళ భార్యలు మాత్రం భర్తలు ఇల్లు కదలగానే ఫోన్లు అందుకునేవారు. మగాళ్ళ మధ్య తెగిన లైను ఆడవాళ్ళ మధ్య ఏనాడూ తెగలేదు.

ఆ వాక్యం నిజమో కాదో నిక్కచ్చిగా తేల్చి, వీళ్ళిద్దరినీ మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టాలన్నది ఫుట్‌నోటు అసలు కోరిక. పీహెచ్‌డీ దానికొక సాకు. ఈ రెండో ముక్క ఆమె తన గైడు మేడమ్‌కి చెప్పలేదు.

మేడమ్‌కి మిగతాదంతా చెప్పింది. సాక్షులిద్దరూ సొంతవాళ్ళేనని ముందే ఒప్పుకుంది. మేడమ్ కళ్ళజోడు ముక్కు మీదికి దించింది.

"సొంతవాళ్ళైతే తప్పు లేదు, దాచిపెడితే తప్పు. ముందు అచ్చులో ఉన్నదంతా వెతుకు. నిపుణులు పరిశీలించి ప్రచురించిన వ్యాసాలు చూడు, ఎవరు రాశారో, దేన్నిబట్టి రాశారో చూడు. వెబ్‌సైట్లో కనిపించిందని తెచ్చి నా మొహాన కొట్టకు. అది ఆధారం కాదు, మహా అయితే ఆధారం ఎక్కడుందో చెప్తుంది. ఇక మొదటిది, మొట్టమొదటిది అన్న మాట ఎక్కడ కనిపించినా నమ్మకు. ఇంటర్నెట్ చరిత్రలో ఉన్నన్ని మొదటివి ఇంకెందులోనూ లేవు."

"సాక్షుల్ని ఎప్పుడు కలవమంటారు మేడమ్?"

"చివర్లో. ఇద్దరినీ విడివిడిగా రికార్డు చెయ్. ఒకరన్నది ఇంకొకరి చెవిన వేశావో, నీకు రెండు సాక్ష్యాలు ఉండవు, ఒకటే ఉంటుంది. నువ్వు కనిపెట్టింది కూడా వాళ్ళకి ముందుగా చెప్పకూడదు. అర్థమైందా?"

"వాళ్ళిద్దరూ మాట్లాడుకోరు మేడమ్."

"అయితే నీ అదృష్టం," అంది మేడమ్. ఫుట్‌నోటుకి ఆ మాట కలుక్కుమంది.

అచ్చులో ఉన్నది వెతకడం మొదలుపెట్టాక ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. లోకం సంగతి రాసిన పెద్ద పుస్తకాలు బాగానే ఉన్నాయి. పత్రాలు తిరగేసి, మనుషుల్ని కలిసి, పేజీ కింద సగం దాకా ఆధారాలు పేర్చి రాసినవి. వాటిని చదువుతుంటే కడుపు నిండినట్టుండేది. చిక్కంతా తమ నది దగ్గరే. పెదనాన్నే ముందు పంపాడని ఒక పేరున్న పుస్తకంలో ఉంది. ఎలా తెలుసయ్యా అని కింద చూస్తే ఒక వ్యాసం పేరు ఉంది. లైబ్రరీ నేలమాళిగలో దుమ్ము పట్టిన సంపుటాలు దింపి ఆ వ్యాసం పట్టుకుంటే, అది ఒక వెబ్‌పేజీని చూడమంది. ఆ వెబ్‌పేజీ తెరిస్తే, అది తిరిగి మొదటి పుస్తకాన్నే చూపించింది! కుక్క తన తోకను తనే పట్టుకోబోయినట్టు ముగ్గురూ ఒకరి వెనక ఒకరు తిరుగుతున్నారు. అందరికీ ఆధారం ఉంది, ఎవరి కాలూ నేల మీద లేదు.

అలాంటి పుస్తకాలు ఇంకా దొరికాయి. విశ్వవిద్యాలయం తన చరిత్రలో తామే ముందు పంపామని రాసుకుంది, దానికి ఆధారమూ లేదు, మొహమాటమూ లేదు. కొన్ని లింకులు నొక్కితే పేజీ లేదని వచ్చేది. నెట్ గురించి నెట్‌లో పెట్టినవే ముందుగా మాయమైపోయాయని ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రోజు కంప్యూటర్లు తమంతట తాము రాసుకున్న రికార్డు ఉంటుందేమోనని రెండు ఆఫీసులకీ కాళ్ళరిగేలా తిరిగింది. అప్పట్లో టేపులకి కరువట, పాతది చెరిపేసి దాని మీదే కొత్తది ఎక్కించేవారట. ఈ సంగతి కూడా ఆమె రెండు ఆఫీసుల్లోనూ విడివిడిగా అడిగాకే నమ్మింది.

చివరికి అన్నిటినీ తేదీల వరసన పేర్చి దారాలు లాగితే ముడి ఒక్కచోటే తేలింది. ఆ ప్రత్యేక సంచిక దగ్గరే. అంతకు ముందు ఎక్కడా ఆ మాట లేదు. ఆ సంచికకి సంపాదకుడిగా పనిచేసిన పెద్దాయన రిటైరై, అవతలి ఊళ్ళో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటున్నాడు.

ఆయన బాల్కనీ నిండా మొక్కలు. కుండీల కింద పీటల్లా వేసినవి ఏమిటా అని వంగి చూస్తే, అమ్ముడుపోని ప్రత్యేక సంచికల కట్టలు. నీళ్ళు కారి కారి పైవన్నీ ఉబ్బిపోయాయి. లోపలినుంచి ఒక పొడి ప్రతి లాగి ఆ వాక్యం చూపించింది ఫుట్‌నోటు.

"ఇది మీకు ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదమ్మా, నేనే రాశాను," అన్నాడాయన చెంబుతో నీళ్ళు పోస్తూనే.

"ఫొటోలో ఉన్న ఇంజనీరు గారు చెప్పలేదా?"

"ఆయనా? ఆయన్ని మాట్లాడించడం దేవుడి తరం కూడా కాదు. వివరాలు పంపండీ అని కబురు పెడితే ఫొటో ఒక్కటే పంపాడు. నేనేం చెయ్యను? కింద ఏదో ఒక ముక్క ఉండాలి కదా. మా సంస్థ డబ్బులతో మా సంచిక వేస్తూ, పక్కవాళ్ళే ముందు పంపారని రాస్తానా? చెప్పు." ఆయన ఆమె మొహం చూసి చెంబు కింద పెట్టాడు. "ఏమ్మా, ఏమైనా తప్పయిందా?"

ఆమెకి తప్పయిందండీ, ఇద్దరు మనుషులు విడిపోయారండీ అని చెప్పాలనిపించింది. కానీ ఆయన చేతిలో మట్టి, మొహంలో కంగారు చూసి, ఏం లేదండీ అనేసింది. ఆయన చెప్పిందంతా రికార్డు చేసుకుని, మెట్లు దిగుతూనే మేడమ్‌కి ఫోను చేసింది. పెదనాన్న ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు! వెంటనే ఇంటికెళ్ళి నాన్నకి చెప్పెయ్యాలని కాళ్ళు ఆగడం లేదు.

"చెప్పకు," అంది మేడమ్. "మీ నాన్నగారిని ఇంకా రికార్డు చెయ్యలేదుగా. ఇప్పుడు చెప్తే ఆయన నోట వచ్చేది ఆ రోజు జరిగింది కాదు, ఇవాళ నువ్వు చెప్పినదానికి ఆయన బదులు. ప్రత్యక్షంగా చూసినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకర్ని పాడు చేసుకుంటావా?"

ఆమె సరేనంది. బస్సులో వంతెన దాటుతున్నంతసేపూ ఆ సంగతి నోట్లో వేడి ముద్దలా ఉంది, మింగలేదు, ఉమ్మలేదు.

నాన్నని రికార్డు చేస్తే ఆ చెర వదులుతుంది. నాన్న మాత్రం దొరకడు. ఆ రోజు గురించి చెప్పు నాన్నా అని అడిగినప్పుడల్లా ఆయనకి ఏదో ఒక యంత్రం గుర్తొచ్చేది. రిటైరయ్యాక ఇంట్లోవీ, ఇరుగుపొరుగువీ పాడైపోయిన వస్తువులన్నీ విప్పి బాగుచెయ్యడం ఆయన పని. బాగుచెయ్యడానికి ఏమీ లేకపోతే బాగున్నదాన్నే విప్పేవాడు. అమ్మ మిక్సీని దాచుకుని తిరిగేది.

ఒకరోజు ఆయన ఇస్త్రీపెట్టె విప్పుకుని హాల్లో కూర్చుని ఉండగా అమ్మ వంటింట్లోంచి గట్టిగా, గోడకి చెప్పినట్టు చెప్పింది.

"బావగారు వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారట. కూతురి దగ్గరికి, ఎక్కడో దూరపు ఊరికి, శాశ్వతంగా వెళ్ళిపోతున్నారట. ఆదివారం పొద్దున లారీ వస్తుందట."

ఈసారి ఎవరు చెప్పారని ఫుట్‌నోటు అడగలేదు. నాన్న చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. మళ్ళీ తిరిగింది. ఏ మరా లేని చోట తిరిగింది.

"వెళ్ళనీ. ఎవరి పిల్లల దగ్గరికి వాళ్ళు వెళ్తారు," అన్నాడు.

"అంతేనా?" అంది అమ్మ గుమ్మంలోకి వచ్చి.

"ఇంకేముంది? ఆయన నాకు చెప్పాడా?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికెళ్ళిపోయింది. ఫుట్‌నోటుకి ఎదురుగా నాన్న, మనసులో నాన్నకి కావలసిన మాట, మధ్యలో మేడమ్ పెట్టిన కట్టుబాటు. ఆ కట్టుబాటు తప్పని ఆమె అనుకోలేదు. సాక్షుల నోట్లో మాటలు పెట్టి రాయించుకున్న చరిత్రలు ఎలా ఉంటాయో నేలమాళిగలో కూర్చుని కళ్ళారా చూసింది కదా.

శుక్రవారం ఆమె పెదనాన్న ఇంటికి వెళ్ళింది. ఇల్లంతా అట్టపెట్టెలు. గోడల మీద ఫొటోలు తీసేసిన చోట తెల్లటి గుర్తులు. పెద్దమ్మ ఆమెను పట్టుకుని, చిక్కిపోయావని, చదివింది చాలని, ముందు కాళ్ళు కడుక్కోమని గుక్క తిప్పుకోకుండా చెప్పి, గిన్నెలు సర్దడానికి వెళ్ళింది. పెదనాన్న ఒక కుర్చీలో కూర్చుని రెండోది ఆమె వైపు జరిపాడు. నాన్న లాగే చెవి పైన గోక్కుంటూ ఆలోచిస్తాడు. చిన్నప్పుడు ఆమె ఈ ఇద్దరినీ వెనకనుంచి చూస్తే పోల్చుకోలేకపోయేది.

రికార్డరు పెట్టి, ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమంది.

"అప్పట్లో ఇప్పటిలా కాదమ్మా. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ముందు ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం. సిద్ధమా అంటే సిద్ధం అనుకుని, ఆ రిసీవరు తీసుకెళ్ళి మోడెం మీద రబ్బరు గుంటల్లో బోర్లించాలి. ఇక ఆ తర్వాత గొంతులు వినపడవు. అటు మనిషి ఉన్నాడో లేచి వెళ్ళాడో కూడా తెలీదు. మా పెద్దలంతా నా వెనక నిలబడి ఉన్నారు. డైరెక్టరు గారు పంపాల్సిన శుభాకాంక్షలు కాగితం మీద రాసుకుని వచ్చారు. ఎంతసేపు చూసినా తెర మీద ఏం లేదు. విసుగుపుట్టి అందరూ టీ తాగడానికి వెళ్ళారు. నేనొక్కణ్ణే ఉన్నా."

"అప్పుడు?"

"అప్పుడు వచ్చింది." ఆయన చెవి గోక్కోవడం ఆపాడు. "మన అక్షరాలు అందులో లేవుగా, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. తిన్నావా అని."

"నాన్నేనా?"

"ఇంకెవరు? నేను పొద్దున్నుంచీ ఏం తినలేదు. ఆ సంగతి వాడికి తెలుసు, పరీక్షలప్పుడు కూడా నేనంతే. నేను లేదు అని కొట్టా. డైరెక్టరు గారి శుభాకాంక్షలు ఆ తర్వాతెప్పుడో వెళ్ళాయి. ముందు పంపింది వాడే. రాసుకో."

ఆమె రాసుకుంది. ఇన్నేళ్ళూ ఈయన ఇది ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న అడగాలి, పరిశోధకురాలిగా అడిగి తీరాలి. అడిగింది.

"అడిగితే చెప్పేవాణ్ణి. వాడు అడగలేదమ్మా, నిలదీశాడు." పక్కనున్న అట్టపెట్టె మూత సరిగా నొక్కాడు. "వాడేమన్నాడు నీతో?"

"ఒకరి మాట ఒకరికి చెప్పకూడదు పెదనాన్నా. పద్ధతి."

"సరే, చెప్పకు. మంచి పద్ధతే." ఆయన తల ఊపాడు. మళ్ళీ తనే, గొంతు తగ్గించి, "ఆరోగ్యం ఎలా ఉంది వాడికి? ఇది కూడా చెప్పకూడదా?" అన్నాడు.

"బాగున్నాడు పెదనాన్నా," అంది ఫుట్‌నోటు. అని రికార్డరు ఆపేసి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న ఎదురుగా కూర్చుంది. ఇస్త్రీపెట్టె ఇంకా విప్పిందే. ఇవాళైనా రికార్డు చెయ్యనివ్వమంది. ఆయన వద్దన్నాడు. రేపు లారీ వెళ్ళిపోతుందంది. వెళ్తే వెళ్ళనీ అన్నాడు. ఆ వెళ్ళనీ అన్న మాట చివర గొంతు సన్నగా జీర పోయింది. ఆమెకి అప్పుడు మేడమ్ గుర్తొచ్చింది, నేలమాళిగ గుర్తొచ్చింది, ఇంత కష్టపడి పట్టుకున్న ముడి గుర్తొచ్చింది. పోతే పోయింది అనుకుంది.

"నాన్నా, ఆ సంచికలో మాట పెదనాన్న చెప్పలేదు."

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడాయన. కూతురి ప్రశ్న కూతురికే తిరిగొచ్చింది.

"రాసినాయనే చెప్పాడు. ఫొటో కింద ఖాళీ ఉందని ఆయనే అల్లి రాశాడు. పెదనాన్న నోరు విప్పలేదు. వివరాలు అడిగినా పంపలేదు. నా దగ్గర రికార్డు ఉంది, కావాలంటే విను."

నాన్న వినలేదు. ఒడిలో ఉన్న తీగలు, మరలు అన్నీ ఒక్కొక్కటిగా తీసి చాప మీద పెట్టాడు. అవి సర్దుతున్నాడనుకుంది గానీ, ఆయనకి తను ఏం చేస్తున్నాడో తెలియడం లేదని కాసేపటికి అర్థమైంది.

"మరి కాదని అనొచ్చుగా నాతో," అన్నాడు చివరికి. "అంతమందిలో అడిగా. అంతమందిలో అడిగాన్రా నేను," అని తనలో తనే అనుకున్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చాడు. అమ్మ వచ్చి పక్కన కూర్చుని ఆయన వీపు నిమిరింది.

కొంతసేపయ్యాక, "ఏదీ, నీ రికార్డరు పెట్టు," అన్నాడు.

పనికిరాదని తెలిసి కూడా ఆమె పెట్టింది.

"రాసుకో. ముందు పంపింది అన్నయ్యే. తెర మీద ఏం రావట్లేదని మావాళ్ళందరూ విసుక్కుని బయటికెళ్ళారు. నేనొక్కణ్ణే ఉన్నా. అప్పుడు వచ్చింది, తిన్నావా అని. నేను లేదు అని కొట్టా. అది అన్నయ్య పంపిందే."

ఫుట్‌నోటు నిన్న అవతలి ఒడ్డున విన్న కథే, మనుషులు మాత్రం అటూ ఇటూ మారారు. ఇది నిజంగా ఈయనకి గుర్తున్నదా? అన్న నిర్దోషి అని తెలిసిన ఈ అరగంటలో మనసు తిప్పి రాసుకున్నదా? ఈయన మీద ప్రేమతో నిన్న ఆయన తన వాటా ఇటు తోసేశాడా? ఆమె ముందుగా చెప్పి ఉండకపోతే తేలేదేమో. ఇక ఏ లైబ్రరీలోనూ తేలదు. తన చేతులతో తనే చెడగొట్టుకుంది, అయినా పిసరంత కూడా బాధ కలగలేదు. మంచి పరిశోధకురాలికి ఉండవలసిన లక్షణం కాదది, అయినా ఉన్నమాట చెప్పాలి కదా.

మేడమ్ తర్వాత తిట్టింది. తిట్టవలసినంతా తిట్టింది. ప్రత్యక్ష సాక్షుల మాటలు పొసగనందువల్ల, అందులో ఒక సాక్షికి పరిశోధకురాలే ముందుగా విషయం చెప్పినందువల్ల, తొలి సందేశం ఎవరిదో నిర్ధారించలేమని సిద్ధాంత గ్రంథంలో రాయించింది. సంచికలో వాక్యం నిరాధారమని మాత్రం తేలింది. ఆ రోజు ఇంజనీర్లిద్దరూ ఏమీ తినలేదన్న విషయంలో సాక్ష్యాలు ఏకీభవిస్తున్నాయని ఫుట్‌నోటు ఒక వాక్యం చేరిస్తే, మేడమ్ దాని పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి, కొట్టెయ్యకుండా వదిలేసింది.

అదంతా తర్వాతి మాట. ఆ ఆదివారం పొద్దున వీళ్ళు ముగ్గురూ వంతెన దాటి వెళ్ళేసరికి లారీ వచ్చేసి ఉంది. పెట్టెలు సగం ఎక్కాయి. వరండాలో పెదనాన్న కుర్చీలో కూర్చుని, కూలీలకి చెయ్యి చూపిస్తూ ఉన్నాడు. తమ్ముణ్ణి చూసి చెయ్యి అలాగే గాల్లో ఉంచేశాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న గేటు దగ్గరే ఆగి, దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి, "ముందు పంపింది నువ్వేనని రికార్డు చేయించా," అన్నాడు.

"తప్పు," అన్నాడు పెదనాన్న. "పంపింది నువ్వు."

"నాకు బాగా గుర్తుంది."

"నీకు గుర్తుండడమా! హాల్ టికెట్టు ఇంట్లో మర్చిపోయి పరీక్షకెళ్ళినవాడివి. తిన్నావా అని కొట్టింది నువ్వేరా."

"నేనెందుకు కొడతా? నా కడుపే కాలిపోతుంటే!"

"మరి నా కడుపు నిండి ఉందా?"

"లేదని నాకు తెలీదా! అందుకేగా నువ్వు అడిగితే నాకు ఏడుపొచ్చింది!" అని అరిచాడు నాన్న.

వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. ఇన్నేళ్ళకి మాట్లాడుకుని ఇదా మాట్లాడేది అని పెద్దమ్మ నవ్వుతూ ఏడుస్తోంది. అమ్మ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఫుట్‌నోటు సంచిలో రికార్డరు ఉంది, అది ఆమెకి జ్ఞాపకం కూడా రాలేదు.

నాన్న మెట్లెక్కి వెళ్ళి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఆ రోజు అలా అడక్కుండా ఉండాల్సింది," అన్నాడు నేలకేసి చూస్తూ.

"నేనూ కాదురా అని ఒక్క మాట అంటే అయిపోయేది," అన్నాడు పెదనాన్న. "అనలేదు. అందామనుకునేసరికి నెల దాటింది. ఆ తర్వాత ఏడాది దాటింది. నువ్వొస్తావేమోనని..."

ఆయన ఆగిపోయాడు. అప్పుడే కూలీ వచ్చి, అన్నీ ఎక్కించేశామని, మిగిలింది ఆ కుర్చీ ఒక్కటేనని, కాస్త లేస్తే అదీ వేసుకుని బయల్దేరతామని చెప్పాడు. పెదనాన్న లేవబోయాడు. నాన్న ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఆపి, కూలీ వైపు తిరిగాడు.

"ఉండవయ్యా, మా అన్నయ్య మాట్లాడుతున్నాడు."